సంసారానికి నానార్థాలు

"సంసారం ఎలా ఉంది మాస్టారూ?" అని డాక్టరు అడిగాడు.

"ఏం లోటు లేదు సార్. పిల్లలిద్దరు స్థిరపడ్డరు. పింఛను టైముకొస్తది. ఇంట్ల మేమిద్దరమే. చల్లగ నడుస్తున్నది" అన్నాను.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. ఏటా పదో తరగతి పిల్లలకు నానార్థాలు బట్టీ పట్టించినవాణ్ణి. ఒకే మాటకు ఎన్ని అర్థాలుంటాయో, సందర్భాన్ని బట్టి ఏది తీసుకోవాలో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ప్రశ్న అర్థం చేసుకోకుండా జవాబు రాసిన పిల్లవాడి పేపరు మీద సున్నా చుట్టి, ఆ సున్నాకు కళ్లూ ముక్కూ కూడా పెట్టేవాణ్ణి, వాడికి ఉక్రోషం రావాలని. ఇప్పుడు నా పేపరు ఎవరు దిద్దినా అంతకంటే ఎక్కువ మార్కులు రావు.

సంసారమంటే కుటుంబం. సంసారమంటే చావుపుట్టుకల సుడి. సంసారమంటే ఇల్లాలు. ఆలుమగలు కలిసి పడుకోవడం కూడా సంసారమే. మా ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా ఈ చివరిదే ముందు చెబుతుంది. కొత్త కోడలు సంసారం చేస్తున్నదా అని ఎవరైనా ఆరా తీస్తే అది ఉప్పుపప్పుల సంగతి కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఆ పెద్ద దవాఖానలో, ఏసీ గదిలో, పక్కన భార్య కూర్చుని ఉండగా, తెలుగు పంతులికి మాత్రం తెలియలేదు.

ఆ డాక్టరు దగ్గరికి మేం పోవడానికి కారణం నా ప్రొస్టేటు. అందులో కణితి ఉందని తేలింది. క్యాన్సరే, కానీ తొందరగా దొరికింది, తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదన్నాడు. పింఛనుదారులకు సర్కారు ఇచ్చిన కార్డు ఉంది. ఆపరేషన్, గది, సూదులు, మందులు అన్నీ దాని మీదే అయిపోయాయి. కార్డు లేకపోతే ఈ పాటికి గోడ మీద దండ వేసిన ఫొటో అయిపోయేవాణ్ణి. ఆ మాట చెప్పుకోకుండా మిగతాది చెబితే కళ్లు పోతాయి. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఇంకా ఏవేవో చెప్పాడు, నరాలంటూ, కొన్నాళ్లు ఇబ్బందులుంటాయంటూ. ప్రాణానికి ఢోకా లేదన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. అన్నిటికీ తలూపాను.

ఆపరేషన్ తరవాత కొన్నాళ్లు మూత్రం ఆగేది కాదు. దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా లుంగీ తడిసేది. నా భార్య ఒక్క మాట అనకుండా దుప్పట్లు ఉతికింది. మెల్లగా అది సర్దుకుంది. రెండోది సర్దుకోలేదు.

ఆ రెండోదాని గురించి చెప్పాలంటే ఫ్యాను గురించి చెప్పాలి.

మా పెళ్లయిన కొత్తలో గడ్డిఅన్నారంలో, పండ్ల మార్కెట్ వెనక గల్లీలో, రెండు అర్రల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ముందు అర్రలో మా అమ్మ, తరవాత్తరవాత పిల్లలు. లోపలి అర్రలో మేమిద్దరం. మధ్యలో తలుపు లేదు, పాత చీర పరదా. లోపలి అర్రలో ఒక సీలింగ్ ఫ్యాను ఉండేది. రెండు మీద తిరిగితే బాగానే ఉండేది. ఐదు మీద పెడితే మామిడికాయల లారీ గల్లీలోకి వచ్చినంత చప్పుడు. పెళ్లయిన ఏడాదిలోపే ఆ చప్పుడు మాకు అక్కరకొచ్చింది.

"ఉక్కపోస్తున్నది. ఐదు మీద పెట్టాల్నా?" అని ఆమె అడిగేది. అడగడమంతే. నేను వద్దన్న రోజు లేదు. కొన్నిసార్లు నేను అడిగేవాణ్ణి. పరదా అవతల నుంచి మా అమ్మ ఒకసారి, "చలికాలంల గింత ఉక్కేందిరా?" అంది. మర్నాడంతా నా భార్య మా అమ్మ ముఖం చూడలేదు. ఆ ఫ్యాను మా ఇద్దరికీ భాష అయింది. పిల్లల ముందు, చుట్టాల ముందు, ఒకసారి నిండు పెళ్లిపందిట్లో కూడా "మీకు ఉక్కపోస్తున్నదా?" అని ఆమె అడిగి మూతి బిగబట్టుకుని నవ్వింది. ఆ ముఖం ఇప్పటికీ నాకు కనబడుతుంది.

తరవాత మన్సూరాబాద్‌లో ఫ్లాటు కొనుక్కున్నాం. తలుపులున్న గదులు, చప్పుడు చేయని ఫ్యాన్లు. అవసరం తీరిపోయినా మాట మిగిలింది. నాకు అరవై నిండినప్పుడు పిల్లలు పట్టుబట్టి షష్టిపూర్తి చేశారు. ఫంక్షన్ హాల్లో బాసింగాలు కట్టి, ఆమె మెడలో మళ్లీ తాళి కట్టించారు. కొత్త పెళ్లికొడుకంటూ బావమరదులు ఆట పట్టించారు. లోకం వింతేమిటంటే, అరవై ఏళ్లకు మళ్లీ పెళ్లి చేస్తుంది, అక్షింతలు వేస్తుంది, భోజనాలు చేస్తుంది, ఆ తరవాత ఆ ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటే మాత్రం నవ్వుతుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పట్టుచీర మడత పెడుతూ నా భార్య ఫ్యాను వంక చూసింది, ఏమీ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

అలాంటి మనిషి పక్కన కూర్చుని ఉండగా, ఆపరేషన్ అయ్యాక మొదటి పరీక్షకు పోయిన రోజున, డాక్టరు అడిగిన మాటకు నేను పింఛను లెక్క చెప్పాను. ఆయన కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఆడమనిషి ముందు ఇంగ్లీషు మాట వాడటం మోటుగా ఉంటుందని తెలుగు మాట వాడాడు. నా జవాబు విని సంతోషంగా తలూపి, "చాలా మంచిది, కంటిన్యూ చేయండి" అని రక్త పరీక్ష కాగితం వైపు తిరిగాడు. పింఛను తీసుకోవడం కంటిన్యూ చేయమంటాడేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. అక్కడైనా ఆగి ఉండాల్సింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో నా భార్య బయటికే చూస్తూ కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను. ఆ వారంలోనే ఆమె పడక వెనక గదిలోకి మార్చుకుంది. "మీరు మాటిమాటికి లేస్తుంటె నాకు నిద్ర పడ్తలేదు" అంది. లోలోపల నాకు హాయనిపించింది. నా వల్ల ఏమీ కావడం లేదని ఆమెకు తెలియకుండా రోజులు నెట్టుకురావచ్చనుకున్నాను. అయినా ఈ వయసులో ఆడవాళ్లకు ఇవన్నీ ఎక్కడ పట్టింపు, ఆమె కూడా విశ్రాంతి కోరుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫ్యాను మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు.

తరవాతి పరీక్షకు ఒక్కణ్ణే పోయాను. ఈసారి గదిలో మగవాళ్లమే కాబట్టి డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు. అంగం గట్టిపడుతోందా అని. నేల చూస్తూ, లేదన్నాను. ఆపరేషన్ నుంచీ లేదన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అదేంటి మాస్టారూ, పోయినసారి అడిగితే ఏ లోటూ లేదన్నారు కదా?"

అప్పుడు అర్థమైంది. ఆపరేషన్‌లో నరాలు దెబ్బతింటాయనీ, మొదటి నెలల్లోనే రోజూ ఒక గోలి వేసుకుంటూ పోతే కొందరికి మళ్లీ శక్తి వస్తుందనీ, ఆ ప్రశ్న అందుకే అడిగాననీ ఆయన మెల్లగా చెప్పాడు. బాగానే ఉందన్న మనిషికి మందు ఎందుకు రాస్తాడు? "సరే, ఆలస్యమైంది గానీ, మొదలుపెట్టి చూద్దాం. ఒక్క రోజు కూడా ఆపొద్దు" అని రాసిచ్చాడు.

ఆ గోలీలు కొనుక్కోలేక కాదు నేను పింఛనుదారుల దవాఖానకు పోయింది. నా బాధ వేరే. బీపీ గోలీ, షుగరు గోలీ అక్కడే ఇస్తారు, ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి. ఆ సంచిలో ఇది కూడా కలిసి వస్తే ఇది కూడా వైద్యమే అవుతుంది. ఆపరేషన్ చేయించిన సర్కారే దీన్నీ ఇచ్చిందని భార్యకు చెప్పుకోవచ్చు. అదే నేను కాలనీ మెడికల్ షాపులో నిలబడి కొనుక్కుంటే అది కోరిక. తెల్ల మీసం పెట్టుకుని కోరిక కొనుక్కోవడానికి, అదీ నా దగ్గర చదువుకున్నవాడి షాపులో, నాకు ధైర్యం లేకపోయింది.

పింఛనుదారుల దవాఖాన దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఎప్పుడు పోయినా జాతరే. రెవెన్యూ వాళ్లు, బడిపంతుళ్లు, పోలీసువాళ్లు, అందరం టోకెన్లు పట్టుకుని ఒకరి మోకాళ్ల గురించి ఒకరం మాట్లాడుకుంటాం. నా వంతు వచ్చింది. మందుల కిటికీ అవతలి పడుచు పిల్లవాడు చీటీ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చీటీ చూశాడు.

"బీపీది, షుగర్‌ది ఇస్త సార్. గిది మాత్రం రాదు."

"ఎందుకు రాదు?"

"స్కీముల లేదు సార్."

"ఈ మందే లేదా?"

"మందుంది సార్. ఊపిరితిత్తుల బీపీ అయితె గిదే గోలి ఇస్తం. మీకు ఊపిరితిత్తుల బీపీ ఉందా?"

"లేదు."

"అయితె రాదు" అన్నాడు, నాకు ఊపిరితిత్తుల జబ్బు లేనందుకు నిజంగా బాధపడుతున్నట్టు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆపరేషన్ ఎవరు చేయించారు, సర్కారు కాదా, ఆపరేషన్ వల్ల పోయింది తిరిగి ఇచ్చే పూచీ ఎవరిది అని నిలదీశాను. నా గొంతు అలవాటు కొద్దీ చివరి బెంచీ దాకా వినబడే గొంతు. లైన్లో అంతవరకూ ఉన్న మోకాళ్ల కబుర్లు ఆగిపోయాయి. లోపలి నుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఆమె తప్పేం లేదు, ఓపికగానే చెప్పింది. "క్యాన్సర్ రోగం సార్, దానికి ఇచ్చిన్రు. ఇది రోగం కింద రాదు. సుఖం కింద ఒస్తది. సుఖానికి సర్కారు ఎట్లిస్తది చెప్పున్రి?"

తెలుగులో సుఖరోగాలని ఒక మాట ఉంది. తప్పుదోవన పోతే అంటుకునే రోగాలకు ఆ పేరు. వాటికి సర్కారు దవాఖానలో మందులున్నాయి, ఉండాలి కూడా. కట్టుకున్న భార్యతో ఉన్న సుఖం పోతే దానికి పేరు లేదు, మందు లేదు. ఇదంతా ఆమెకు చెప్పబోయాను. వెనక నుంచి ఎవరో "ముసలోనికి దసరా పండుగ" అన్నారు. నవ్వులు. బీపీ గోలీల సంచి తీసుకుని బయటపడ్డాను.

మెట్రో మెట్ల దగ్గర వెనక నుంచి "మాస్టారూ, ఒక్క నిమిషం" అని పిలుపు. లైన్లో నా వెనకున్న మనిషి, నా ఈడువాడే, గుంటూరు వైపు యాస. ఆయాసపడుతూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నవ్విన వాళ్లలో నేను లేనండి" అన్నాడు. తనకు షుగరు వల్ల అదే ఇబ్బందనీ, పోయినేడు ఇదే కిటికీ దాకా వచ్చి, నోరు రాక దగ్గు మందు అడిగి తీసుకుపోయాననీ చెప్పాడు. "మీరు గట్టిగా అడిగారు. మాలాంటివాళ్ల తరఫున కూడా అడిగినట్టయింది. ఊరుకోకండి, ఈ స్కీముకు ఫోన్ నంబరుంది, దానికి ఫిర్యాదు చేయండి."

"మీరు కూడా చేయండి మరి. ఇద్దరం చేస్తే బాగుంటది."

ఆయన మెట్ల మీద కూర్చుని బూటు దారం సర్దుకున్నాడు. "మా ఆవిడ పోయి నాలుగు నెలలైందండి. ఇప్పుడు నాకెందుకు? కానీ ఆ రోజు అడిగుండాల్సింది. తనేమనుకుంటూ పోయిందో నాకు తెలియదు."

పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేశాను. పైన రైలొచ్చిన చప్పుడైంది, ఆయన లేవలేదు.

ఆ రోజే ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జవాబు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఒక్క రోజు కూడా ఆపొద్దన్న మందును మొదలే పెట్టకుండా, సర్కారు నోటి వెంట 'ఇది వైద్యమే' అన్న మాట కోసం వారాల తరబడి ఎదురుచూశాను. పంతులు బుద్ధి. దస్తఖతు లేనిదే దేన్నీ నమ్మదు. చివరికి విసుగొచ్చి, ఎవరూ ఎరగని చోట, దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వైపు ఒక షాపులో కొన్నాను. రోజూ వేసుకున్నాను, బీపీ గోలీతో కలిపి, ఆమె చూస్తుండగానే. ఏమీ కాలేదు. తలనొప్పి వచ్చింది, ముఖం ఎర్రబడింది, అంతే. మళ్లీ పోతే డాక్టరు ఈసారి నా కళ్లలోకి చూడలేదు. "మొదట్లోనే అయితే వేరుగా ఉండేదేమో. ఇంక ఆశ పెట్టుకోకండి మాస్టారూ" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని పిల్లలకు సామెతలు చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పేవాణ్ణి.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం. హాల్లో కింద కూర్చుని నా భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను పేపరు చదువుతున్నాను. ఫోన్ మోగింది. నాకు ఈమధ్య చెవి మందం, స్పీకరు మీద పెట్టడం అలవాటు. అవతల ఒక ఆడపిల్ల గొంతు. "సార్, మీరు మందుల గురించి ఫిర్యాదు చేశారు కదా. ఆపరేషన్ తరవాత... ఆ గోలీలు... అవి అవసరమైన మందుల కింద రావు సార్. మీ ఫిర్యాదు క్లోజ్ చేస్తున్నాం. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

అక్కర్లేదమ్మా అని పెట్టేశాను.

"ఏం గోలీలు?" అంది నా భార్య, చిక్కుడుకాయ మీంచి కళ్లు ఎత్తకుండా.

అబద్ధం చెప్పొచ్చు. మూత్రానికని చెప్పొచ్చు. మెట్రో మెట్ల మీద కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చాడు. చెప్పేశాను. ఆ మాట మళ్లీ వాడాల్సి వచ్చింది. "సంసారానికి" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీకు కావాల్నని ఉండెనా?" అంది.

"ఉండకపోతె అందరి ముంగట అంత లొల్లి ఎందుకు చేస్త?"

"మరి ఆనాడు డాక్టరు అడిగితె, ఏం లోటు లేదంటిరి?"

"నాకు సమజ్ కాలేదే. ఇల్లు ఎట్ల నడుస్తున్నదని అడుగుతుండనుకున్న."

ఆమె నా ముఖంలోకి చూసింది, నేను హాస్యమాడుతున్నానేమోనని. కాదని తెలిశాక ఆమె ముఖంలో ఏదో కూలిపోయింది. "నాకు సమజైంది ఆయన ఏమడిగిండో. అడగంగనే సమజైంది. ఇన్నొద్దుల సంది ఏమైతలేదు, గోలి ఏమన్న రాస్తడేమో, ఈయన చెప్తె బాగుండు అనుకుంట కూసున్న. మీరు లోటు లేదన్నరు. తెలుగు పంతులు, మాట తెల్వకుంట ఎందుకు చెప్తడు అనుకున్న. నాతోని ఇంక అక్కర లేదని డాక్టరు ముంగట్నే తేల్చి చెప్పిండు అనుకున్న. గందుకే ఎనుక అర్రలకు పోయిన."

"ఒక్క మాట నన్ను అడగొద్దా?"

"అక్కర లేదన్న మనిషిని ఏమని అడగాలె?" అంది. మళ్లీ ఒక కాయ అందుకుని, "ఇప్పుడేమంటున్నడు డాక్టరు?"

"ఆలస్యమైందన్నడు. ఇంక కాదన్నడు."

ఆమె మిగిలిన చిక్కుడుకాయలు ఒక్కొక్కటే తీసి ఈనెలు తీసింది. అన్నీ అయ్యాయి. ఈనెలు చెత్తబుట్టలో పారేసి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. స్విచ్ వేసిన చప్పుడు, రెగ్యులేటరు టకటకా చివరి దాకా తిప్పిన చప్పుడు వినబడ్డాయి. బయట చలి. గడ్డిఅన్నారం ఫ్యాను అయితే ఇల్లంతా లారీ వచ్చినట్టు మోగేది, పక్క అర్రలో ఎవరికీ ఏమీ వినబడేది కాదు. ఈ కొత్త ఫ్యాను ఐదు మీద కూడా చప్పుడు చేయదు. నా చెవి మందమైనా, ఆమె ఏడుపు నాకు వినబడింది.